ఫోటోలో లేని మేక

నెల్లూరు జిల్లా కావలిలో నాది పెళ్లి ఫోటోల స్టూడియో. మూఢం వచ్చినా ఆషాఢం వచ్చినా ముహూర్తాలుండవు, పనీ ఉండదు. ఆ రోజుల్లో తెల్లవారకముందే బండి తీసి సముద్రం ఒడ్డునున్న తుమ్మలపెంటకో, ఇంకా దక్షిణంగా ఇస్కపల్లికో పోతాను. తీసిన ఫోటోల్లో మనసుకు పట్టినదాన్ని ప్రింటు వేసి, కింద వెడల్పుగా తెల్ల మార్జిన్ వదిలి, అక్కడ నల్ల ఇంకుతో ఒక హైకూ, అంటే మూడు చిన్న పాదాల జపాన్ తరహా పద్యం, రాస్తాను.

బొమ్మ పక్కన హైకూ రాయడం జపాన్‌లో పాత అలవాటు. అలాంటి బొమ్మను హైగా అంటారు. బుసోన్ (1716–1784) కవీ, చిత్రకారుడూ. బొమ్మ గీసిన కుంచెతోనే పద్యమూ రాసేవాడు. మంచి హైగాలో పద్యం బొమ్మను మళ్ళీ వర్ణించదు. బొమ్మ ఒకటి చెబుతుంది, పద్యం ఆ పక్కనున్న ఇంకొకటి చెబుతుంది. రెంటి మధ్య ఖాళీని చూసేవాళ్ళు పూడ్చుకుంటారు. నాకు ఈ పని మీద ఇంత ప్రేమ ఆ ఖాళీ వల్లే.

వాట్సాప్‌లో రోజూ వచ్చే సూర్యోదయం ఫోటోలు చూడండి. ఎర్రటి సూర్యుడు, కింద ‘ఎర్రటి సూర్యుడు సముద్రంలోంచి లేచాడు’ అని రాత. కళ్ళకు కనిపిస్తున్నదాన్ని మళ్ళీ చెవిలో చెప్పడం దేనికి? ఫోటోకు వాసన తెలీదు, చప్పుడు తెలీదు, ఫ్రేము అవతల ఏముందో తెలీదు. పద్యం పని అక్కడ మొదలవుతుంది. తుమ్మలపెంటలో ఇసుక మీద నెత్తళ్ళు అనే చిన్న చేపలు ఎండబోశారు. నా ఫోటోలో నెత్తళ్ళూ, ఓ కాకీ మాత్రమే ఉన్నాయి. కింద ఇలా రాశాను:

కాకిని తోలుతూ తోలుతూ
కునికిపాట్లు పడుతోంది
ముసలమ్మ చేతికర్ర

ఆ ముసలమ్మ ఫోటోలో లేదు. పద్యం చదివాక కాకి మీదికి చూపు మళ్ళితే, అది అంత ధీమాగా ఎందుకు నిలబడిందో తెలుస్తుంది.

హైకూలో ఋతువును పట్టిచ్చే మాట ఒకటి ఉండాలని జపాన్ సంప్రదాయం. చెర్రీ పూలూ మంచూ వాళ్ళవి. మన తీరానికి మన మాటలున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో చేపల వేట నిషేధం. ఆ మాట వింటే చాలు, ఒడ్డుకెక్కిన బోట్లు, బాగుచేసుకునే వలలు, ఇంట్లో చేతి బిగువు, అన్నీ గుర్తొస్తాయి. కార్తీక స్నానం అంటే మైపాడు సముద్రం ఒడ్డున జనం. ఇక మన జిల్లాకు అసలు వానలు అక్టోబరులో మొదలై ఈశాన్యం నుంచే వస్తాయి కదా. ఇస్కపల్లి ఉప్పు కుప్పల ఫోటో కింద రాసింది ఇది:

ఈశాన్యాన మబ్బు
ఉప్పు కుప్ప దగ్గర
తాటాకుల కోసం కేకలు

ఫోటోలో ఆకాశం నీలంగా, ఖాళీగా ఉంది. మబ్బు నా వీపు వైపు ఉండింది.

మూడు పాదాల్లో వరసగా 5-7-5 అక్షరాలన్న హైకూ లెక్క తప్పకూడదా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. జపాన్ వాళ్ళు లెక్కపెట్టేది మనం అనుకునే అక్షరాలను కాదు, మన మాత్రల్లాంటి వాటిని. టోక్యో అన్న పేరు వాళ్ళ లెక్కలో నాలుగు. మన ఛందస్సులోనూ అది రెండు గురువులు, నాలుగు మాత్రలు. అలా మాత్రలే లెక్కపెడితే ‘ముసలమ్మ’ ఒక్కతే మొదటి పాదమంతా తినేస్తుంది. అందుకని నేను లెక్క పెట్టుకోను. మూడు చిన్న పాదాలు, మధ్యలో ఎక్కడో ఒక విరుపు, ఉపమానం లేకుండా చూసినది చూసినట్టు. నాకు అవి చాలు.

వేట నిషేధంలో తీసిన బోట్ల ఫోటో ఒకటి స్టూడియో గోడకు తగిలించాను. వరసగా ఫైబర్ బోట్లు, మనుషులెవరూ లేరు. కింద:

వేట నిషేధం
బోటు నీడలో
మేక ఈనింది

మొన్న పాస్‌పోర్టు ఫోటోల కోసం తుమ్మలపెంట నుంచి ఒకామె వచ్చింది. ఫోటోలు కడిగేదాకా కూచుని, ఆ గోడ వంకే చూసింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, లేచి ఫోటో దగ్గరికి పోయింది.

“ఇందులో మేక యాడుందబ్బయా?”

“ఫోటోలో పడలేదమ్మా. ఆ చివరి బోటుకు అవతల ఉండింది.”

“అది మా మేకే. రెండు పిల్లలేసింది. ఒకటి నల్లది, ఒకటి చుక్కలది.”

ఆమె ఫోటోలతోపాటు బోట్ల ఫోటో ఇంకో ప్రింటు తీసి అదే కవర్లో పెట్టాను. దాని మార్జిన్‌లో మూడో పాదం ‘మేకకు రెండు పిల్లలు’ అని రాసిచ్చాను. డబ్బులు తీసుకోకపోతే ఆమె ఒప్పుకోలేదు, ఈసారి వచ్చేటప్పుడు ఎండు నెత్తళ్ళు తెస్తానంది.