ఆలెన్ నుంచి ఆస్టిన్ దాకా: ఐదు నక్షత్రాల కుర్రాళ్ల వెంట

2023 అక్టోబరు చివరి వారంలో డల్లాస్ పక్కనున్న ఆలెన్‌లో మా అక్క ఇంట్లో దిగాను. మా మేనల్లుడు అక్కడి హైస్కూల్ బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. వాణ్ణి సాధనకు దింపడానికి వెళ్లినప్పుడు, 18,000 మంది కూర్చునే ఆ బడి స్టేడియాన్ని చూసి నమ్మలేకపోయాను. “మామయ్యా, కైలర్ మర్రీ ఇక్కడే ఆడాడు, ఒక్క ఆట కూడా ఓడలేదు” అన్నాడు వాడు గర్వంగా.

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే హైస్కూల్ కుర్రాళ్లకు రేటింగ్ సంస్థలు నక్షత్రాలు ఇస్తాయి. అయిదు నక్షత్రాలు ఏటా ముప్పై మంది చిల్లరకే దక్కుతాయి. మొత్తంమీద ఆ అంచనా వట్టిది కాదు, వాళ్లలో వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కు చేరేవారి పాళ్లు మిగతావారికంటే చాలా ఎక్కువ. అయితే ఒక్కొక్క కుర్రాడి విషయానికి వచ్చేసరికి గాయం, శిక్షకుడు, తనకంటే ముందున్న ఆటగాడు లెక్కను మార్చేస్తారు. అయిదు నక్షత్రాల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ జట్టు దాడిని నడిపించేవాడు) మర్రీ 2015లో చేరిన కళాశాలను ఏడాదికే వదిలి ఓక్లహోమా విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. అక్కడ స్కాలర్‌షిప్ లేకుండా జట్టులోకి వచ్చిన బేకర్ మేఫీల్డ్ వెనుక వేచి ఉండి, మేఫీల్డ్ దేశంలో మేటి కళాశాల ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ గెలిచిన మరుసటి ఏడాది, 2018లో, తానూ దాన్ని గెలిచాడు.

శనివారం తెల్లవారకముందే బయలుదేరి, ఇంటర్‌స్టేట్ 35 మీదుగా వేకో దాటి, రెండు వందల మైళ్లకు పైగా ప్రయాణించి ఆస్టిన్ చేరాము. లక్షమంది పట్టే టెక్సస్ విశ్వవిద్యాలయ స్టేడియం నిండా కాలిన ఇటుక రంగు చొక్కాలే. నా పక్క సీటులోని పెద్దాయన వేసుకున్న 12వ నంబరు జెర్సీ ఉతికి ఉతికి వెలిసిపోయి, అంకె అంచులు లేచి ఉంది. నక్షత్రాల గురించి అడిగితే మాట్లాడకుండా ఆ అంకెను రెండు వేళ్లతో పట్టి చూపించారు. అది కోల్ట్ మెకాయ్‌ది. టస్కోలా అనే చిన్న ఊరి నుంచి మూడు నక్షత్రాలతో వచ్చి, 45 విజయాలతో అప్పటికి ఏ కళాశాల క్వార్టర్‌బ్యాక్‌కూ లేని రికార్డు సాధించాడు. అతని కంటే ముందు, దేశంలోనే మేటిగా పేరు మోసి వచ్చిన విన్స్ యంగ్, 2006 జనవరిలో జాతీయ టైటిల్ పోటీ అయిన రోజ్ బౌల్‌లో 19 సెకన్లు మిగిలి ఉండగా తానే బంతితో పరుగెత్తి ఆ టైటిల్ తెచ్చాడు. వారి 10, 12 నంబర్లు రెండింటినీ విశ్వవిద్యాలయం ఇక ఎవరికీ ఇవ్వదు.

నేను చూడాలనుకున్నది అప్పటి టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూయర్స్‌ను. రేటింగులో లోపమే లేని పూర్తి మార్కులు పొందిన కొద్దిమందిలో అతనొకడు. భుజానికి దెబ్బ తగలడంతో ఆ రోజు ఆడలేదు, బదులుగా మాలిక్ మర్ఫీ ఆడాడు, టెక్సస్ 35–6తో బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయాన్ని ఓడించింది. ఆ ఏటి రిక్రూట్లలో అగ్రస్థానంలో ఉన్న ఆర్చ్ మ్యానింగ్‌కు మైదానంలో అడుగుపెట్టే అవకాశమే రాలేదు.

తరువాత యూయర్స్ ఆ జట్టును వరుసగా రెండేళ్లు జాతీయ ప్లేఆఫ్ సెమీఫైనల్‌కు తీసుకువెళ్లాడు. అయినా ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకునే 2025 డ్రాఫ్టులో 257 మందిలో 231వ వాడిగా మయామీకి ఎంపికయ్యాడు. ఆ రాత్రి మేనల్లుడు ఫోన్ చేసి “ఏడో రౌండు, ఆఖరిది, మామయ్యా” అన్నాడు దిగులుగా. రెండు సెమీఫైనళ్లు ఆడించినవాణ్ణి విఫలుడని అనడానికి నాకు మనసొప్పలేదు, వాడికీ ఆ మాటే చెప్పాను.