దుంగల మనిషి

కెనడాలోని ప్రిన్స్ జార్జ్‌లో హైవే 16, హైవే 97 కలిసే చోట నిలబడి ఉంటాడు మిస్టర్ పీజీ. దాదాపు 8 మీటర్ల ఎత్తు. దుంగల్లాంటి కాళ్లూ చేతులూ, గుండ్రటి తల, నవ్వు ముఖం. బ్రిటిష్ కొలంబియా నడిమధ్యలో ఉన్న ఈ ఊరికి అన్నం పెట్టింది కలపే కాబట్టి 1960లో ఈ బొమ్మను చేసుకున్నారు. మొదటిది చెక్కది, పుచ్చిపోయింది. 1983లో ఫైబర్‌గ్లాస్, రేకుతో మళ్లీ కట్టారు. పోతే పోయిందిలే అని వదిలేయలేదు చూడండి, అదే నాకు బాగా నచ్చింది.

ఇక్కడి ఫ్రెండ్ వాళ్లింట్లో డైనింగ్ టేబుల్ నిండా నీలం చారలు. పెయింట్ కాదు. బియ్యపు గింజంత పురుగు పైన్ చెట్టు బెరడు తొలుచుకుని లోపలికి వెళ్తూ మోసుకెళ్లే బూజు రంగు అది. ఒకప్పుడు గడ్డకట్టే చలికాలం ఆ పురుగుల్ని చంపేసేది. చలి తగ్గాక అవి విజృంభించి, రాష్ట్రంలో కోతకొచ్చిన పైన్‌లో సుమారు సగాన్ని ఎండబెట్టేశాయి. ఆ టేబుల్ మీద చెయ్యి పెట్టి అన్నం తింటుంటే మనసు అదోలా అయిపోయింది. సామిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. 2023లో ఇక్కడి పల్ప్ మిల్లులో (కాగితానికి గుజ్జు తీసేది) ఒక లైను కూడా ఆపేస్తామన్నారు. ఎన్ని ఇళ్లలో టెన్షనో!

ఈ దుంగల కథకు ఎంతో ముందు నుంచీ ఈ నేల క్లేట్లి టెన్నె అనే ఆదివాసీ ప్రజలది. వాళ్ల సమాధులున్న నది ఒడ్డు పార్కుకు 2015లో వాళ్ల పేరే పెట్టారు. ఇటు వచ్చేవాళ్లు బొమ్మ దగ్గర ఫొటో దిగి వెళ్లిపోకండి, ఆ పార్కుకు కూడా తప్పకుండా వెళ్లండి.