"అమ్మమ్మని కొట్టాను" అనే పిల్లలకి గెలుపు నేర్పడం

వేసవి సెలవులకి విదేశం నుంచి గుంటూరు వచ్చిన పిల్ల వీడియో కాల్లో "క్యారమ్స్‌లో అమ్మమ్మని కొట్టాను" అంటే అవతల నాన్న ఉలిక్కిపడతాడు. పిల్ల ఉద్దేశం గెలిచానని. ఇంగ్లీషులో బీట్ అన్నది దెబ్బకీ గెలుపుకీ ఒకటే మాట కాబట్టి అలా వచ్చింది. నవ్వేసి ఊరుకుంటే అదే అలవాటవుతుంది, తిడితే అసలు తెలుగే మానేస్తుంది. "అమ్మమ్మ మీద గెలిచావా? అమ్మమ్మ ఓడిపోయిందా?" అని సరైన మాటని ప్రశ్నగా తిప్పి అడగండి, చాలు.

ఫోన్లో విక్టరీకి తెలుగు అడిగితే విజయం అని వస్తుంది. తప్పు కాదు గానీ పిల్లలకి ముందుగా ఇవ్వాల్సిన మాట అది కాదు. కార్డులాట ఆడి "ఊనోలో విజయం సాధించాను" అంటే పత్రికలో శీర్షిక చదివినట్టుంటుంది. ఈ తేడా పిల్లలకి తేలిగ్గా అర్థమవుతుంది, ఎందుకంటే ఇంగ్లీషులోనూ ఇదే ఏర్పాటు ఉంది. విన్ ఆ భాష సొంత మాట, పాత ఇంగ్లీషులో దానికి శ్రమపడటం, పోరాడటం అని అర్థం. విక్టరీ లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన పెద్దింటి మాట. మనకి గెలుపు సొంతది, కన్నడంలో దాని చుట్టం గెలువు ఉంది. విజయం సంస్కృతం ఇచ్చింది. ఊనో ఆడి విన్ అయ్యాననే పిల్ల విక్టరీ సాధించాననదు కదా, తెలుగులోనూ అంతే అని చెప్పండి.

గెలుచు అనే క్రియ మూడు రూపాల్లో తిరుగుతుంది: గెలుస్తా, గెలిచా, గెలవలేదు. పిల్లలు తడబడేది ఇక్కడే. ఒక రూపం పట్టుకుని "గెలుచాను", "గెలుచలేదు" అంటారు. సూత్రం చెప్పక్కర్లేదు. పిలుస్తా, పిలిచా, పిలవలేదు వాళ్ళకి ఇంట్లో రోజూ వినపడేవే, దాని పక్కన దీన్ని పెట్టి అనిపిస్తే సరి. ఆ తర్వాత విభక్తి. ఆటలో గెలుస్తాం, మనిషి మీద గెలుస్తాం. "నిన్ను గెలిచాను" అంటే అర్థమవుతుంది గానీ ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు "నీ మీద గెలిచా" అన్నదే నోటికి నప్పుతుంది.

దీనికి అష్టాచెమ్మాని మించిన బడి లేదు. అయిదు గళ్ళు నిలువు, అయిదు గళ్ళు అడ్డం, నాలుగు గవ్వలు, మనిషికి నాలుగు కాయలు. గవ్వలు నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఎదుటివాళ్ళ కాయని ఒక్కటైనా కొట్టనిదే లోపలి గళ్ళలోకి పోనివ్వరు. నడిమింటికి చేరిన కాయ "పండింది" అంటారు. ఇక్కడ కొట్టడం సరైన మాటే. కాయని కొట్టొచ్చు, అమ్మమ్మని కొట్టకూడదు. ఈ ఒక్క వాక్యంతో బీట్ గొడవ తీరుతుంది. ఆట మధ్యలో "నీ కాయ కొట్టా", "నాది పండింది", చివర్లో "నేను గెలిచా, తాతయ్య ఓడిపోయారు" అని పైకి అనాలన్నది ఇంటి నియమంగా పెట్టండి.

ఓడిపోవడానికీ ఇలాంటి చిక్కే ఉంది. ఇంగ్లీషులో లాస్ట్ (lost) అనే ఒక్క మాట కింద మనకి మూడున్నాయి. వస్తువు పోతుంది, లేదా పోగొట్టుకుంటాం. సంతలో పిల్లాడు తప్పిపోతాడు. ఆటలో ఓడిపోతాం. "మ్యాచ్ పోగొట్టుకున్నాం" అని విన్నప్పుడల్లా "ఎక్కడ పడేశారు, వెతుకుదామా?" అని అడిగితే నాలుగుసార్లలో దారికొస్తారు.

విన్ అన్న చోటల్లా గెలుపు అతికించినా కుదరదు. స్పెల్లింగ్ పోటీలో "నాకు మొదటి బహుమతి వచ్చింది" అంటాం. బహుమతి వస్తుంది, లాటరీ తగులుతుంది, వాదనలో మన మాట నెగ్గుతుంది. అన్నంలో కూర వద్దని మొండికేసి సాధించుకున్నవాడు పంతం నెగ్గించుకున్నవాడు. ఈ నెగ్గడం పిల్లలకి త్వరగా ఎక్కుతుంది, వాళ్ళ రోజంతా దానితోనే గడుస్తుంది మరి.

ఇక విజయం. దీన్ని పుస్తకంలోంచి కాక ఊళ్ళోంచి నేర్పండి. గుంటూరు నుంచి రైల్లో కృష్ణ దాటగానే స్టేషన్ బోర్డు మీద అయిదే అయిదు అక్షరాలు: వి, జ, య, వా, డ. అక్షరాలు వచ్చిన పిల్ల చేత కూడబలుక్కుని చదివించండి. తర్వాత మూడో అక్షరం దగ్గర వేలు పెట్టి ఆపమనండి, విజయ. మిగిలింది వాడ. పెద్దవాళ్ళు బెజవాడ అనేది ఈ ఊరినే అని ముందే చెప్పకపోతే ఇంకో ఊరనుకుంటారు. అదే ఊళ్ళో బందరు రోడ్డు మీద విక్టోరియా జూబిలీ పేరుతో 1887లో కట్టిన భవనం ఉంది, ఇప్పుడది బాపు మ్యూజియం. విక్టోరియా అంటే లాటిన్‌లో విజయమే.

పలకడంలో ఒక మెలిక. విజయంలో జ, జడలో జ ఒకటి కావు. జడలో నాలుక పళ్ళ వెనక తగులుతుంది, విజయంలో ఇంకాస్త లోపల. సంస్కృతం నుంచి వచ్చిన మాటల్లో జ ఎప్పుడూ ఈ రెండోదే. రెండూ వెంటవెంటనే అనిపిస్తే తేడా చెవికే తెలుస్తుంది.

గోడల మీద "మహాసభను జయప్రదం చేయండి" అని కనిపిస్తుంది. ఎవరి మీద జయం అని పిల్లలు అడుగుతారు. ఎవరి మీదా కాదు, జనం బాగా రావాలని. "ఆపరేషన్ విజయవంతమైంది" కూడా అంతే, అక్కడ శత్రువు లేడు. ఇంగ్లీషు సక్సెస్‌కీ విక్టరీకీ మధ్య గీసిన గీతని తెలుగు విజయం పట్టించుకోదు.

దసరాకి విదేశాల్లో బళ్ళుంటాయి కాబట్టి ఇంద్రకీలాద్రి మీద విజయదశమి చాలామంది ప్రవాస పిల్లలకి దొరకదు. కానీ ఉరుములు ఎక్కడైనా ఉరుముతాయి. అర్జున, ఫల్గుణ, జిష్ణు, కిరీటి అంటూ అర్జునుడి పది పేర్లు ఉరుముకి చెప్పించండి. జిష్ణు, విజయ, ధనంజయ, ఈ మూడూ గెలుపు పేర్లే. అర్జునుడు ఇంద్రకీలాద్రి మీద తపస్సు చేసి పాశుపతం పొందాడని విజయవాడ స్థలపురాణం. విరాటపర్వంలో జమ్మిచెట్టు దగ్గర ఉత్తరుడికి ఆ పది పేర్లూ ఆయనే విడమరిచి చెబుతాడు. విజయ ఎందుకంటే, యుద్ధానికి వెళితే గెలవకుండా తిరిగి రాడు కనుక. "గెలుచకుండా" అని పిల్ల తిరిగి చెబితే పిలవకుండా గుర్తు చేయండి, తనే దిద్దుకుంటుంది.