ఆమె టోకెన్ 31

నిన్న నాన్నను శ్రీకాకుళంలో ఓ ఆసుపత్రికి తీసుకెళ్లాను. డెబ్బై దాటిన మనిషి కాబట్టి పెద్దల వరసలో అరగంటలో చూసేశారు. రిపోర్టుల కోసం మాత్రం అక్కడే కూర్చోవాల్సి వచ్చింది.

పక్కన ఒకామె. పలాసలో జీడిపిక్కల పనికి వెళ్తుందట. తొలి బస్సుకి వచ్చి ఏడింటికే చీటీ తీసుకుంది. టోకెన్ 31. పిలుపు దగ్గర పడేసరికి ఒక పెద్దాయన, తర్వాత ఒక గర్భిణి, తర్వాత మరో పెద్దావిడ. "ఏటి బాబూ, నా నెంబరు వస్తాదా రాదా? ఈ రోజు కూలీ పోనాది" అంది. ముందు వెళ్లినవాళ్లలో మా నాన్న కూడా ఉన్నాడు. నాకు మాట రాలేదు.

వాళ్లను ముందు పంపడం న్యాయమే. అత్యవసరమైతే అసలు వరసే వద్దు. కానీ డాక్టరు ఒక్కరే అయినప్పుడు ఒకరికి తగ్గిన నిరీక్షణ మాయమైపోదు, ఇంకొకరి నెత్తిన పడుతుంది. 1964లోనే లియొనార్డ్ క్లైన్‌రాక్ అనే అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త దీనికో పద్ధతి చెప్పాడు: ఎదురుచూసిన కొద్దీ ప్రతి ఒక్కరి ప్రాధాన్యం పెరుగుతూ పోవాలి, అవసరం ఎక్కువున్నవాళ్లకి కాస్త వేగంగా. అప్పుడు ఏడింటికి వచ్చినామె పదకొండింటికి వచ్చినవాళ్లను దాటగలదు. కంప్యూటరే అక్కర్లేదు. చీటీ మీద వచ్చిన టైము రాసి, ముగ్గురు పెద్దల తర్వాత ఒక మామూలు టోకెన్ పిలిచినా చాలు.

ఆమె లోపలికి వెళ్లేసరికి ఒంటిగంట దాటింది. రక్తపరీక్ష రాశారు. ల్యాబ్ దగ్గర మళ్లీ కొత్త టోకెన్.