కుక్కపిల్ల ఏడుపు, అపార్ట్‌మెంటు పంచాయితీ: నా అనుభవం

మా బూందీ ఇప్పుడు రాత్రి పదకొండింటికి పడుకుంటే తెల్లవారుజామున గుడి మైకులో సుప్రభాతం మొదలయ్యేదాకా నోరెత్తడం లేదు. ఇందులో గొప్పేముందని కుక్కల్ని పెంచనివాళ్ళు అనుకోవచ్చు. అనుకోనివ్వండి. కోపం చల్లారకముందే ఇదంతా రాసేస్తున్నాను. చల్లారితే మర్యాదగా రాస్తాను, మర్యాదగా రాస్తే ఎవరికీ ఉపయోగపడదు.

మేము తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు ఒక అపార్ట్‌మెంటులో అద్దెకు ఉంటున్నాం. మా ఆయనది శ్రీసిటీలో షిఫ్టు ఉద్యోగం. ఆయనకు రాత్రి డ్యూటీ పడితే ఇంట్లో నేను, అత్తయ్య, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రమే ఉంటాం. కుక్కపిల్ల కావాలన్నది అమ్మాయి. కొన్నది మా ఆయన. రాత్రుళ్ళు మేలుకున్నది నేను.

కొనడం, కారులో తేవడం, పేరు పెట్టడం ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. లేత పసుపు రంగు లాబ్రడార్ పిల్ల కాబట్టి బూందీ అన్నాం. అమ్మినతను, "రెండు నెలలు నిండాయి మేడమ్. పాలు, బిస్కెట్లు పెట్టండి. రాత్రి ఏడిస్తే పట్టించుకోకండి, అదే ఊరుకుంటుంది" అన్నాడు. ఇందులో ఒక్క మాటా నిజం కాదు.

హాల్లో టీవీ పక్కన బుట్టలో పడుకోబెట్టి లైటు తీశాం. ముందు కుయ్ కుయ్ మంది. తర్వాత ముందుకాళ్ళు బుట్ట అంచు మీద పెట్టి, మూతి పైకెత్తి, గొంతంతా తెరిచి ఊళ మొదలుపెట్టింది. జానెడు ఒళ్ళు, అంత చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుందో అర్థం కాదు. కింద వీధి కుక్కలు అందుకున్నాయి. పై అంతస్తులో బాల్కనీ తలుపు తెరుచుకున్న శబ్దం వినిపించింది. అత్తయ్య తన గదిలోంచే "ఆ బిడ్డను ఎత్తుకోవమ్మా" అంది. ఎత్తుకుంటే ఊరుకుంది, దించితే ఊళ. తెల్లవార్లూ ఇదే వరస.

మరికొన్ని రాత్రులు ఇలాగే గడిచాక పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. మన ఊళ్ళో ఆ కళాశాల 1955 నుంచీ ఉంది, 2005 నుంచి ఏకంగా విశ్వవిద్యాలయమే ఉంది. అయినా కుక్కకు ఏం పెట్టాలో మాత్రం కుక్కను అమ్మినవాణ్ణే అడుగుతాం. ఇది మన ఊరివాళ్ళకే చెల్లింది.

అక్కడి డాక్టరమ్మ బూందీ పెదవిని బొటనవేలితో పైకి తీసి నాకు చూపించారు. ముందు సూదుల్లాంటి పాలపళ్ళు ఉన్నాయి. దవడ వెనక భాగంలో మాత్రం ఒట్టి గులాబీ రంగు చిగురు, అక్కడక్కడ తెల్లటి మొనలు. "కుక్కపిల్లకు పాలపళ్ళు మొత్తం ఇరవై ఎనిమిది రావాలి. దీనికి వెనకవి ఇంకా పొడుచుకొస్తున్నాయి. రెండు నెలలు కాదమ్మా, అయిదు వారాలు ఉంటే ఎక్కువ" అన్నారు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదని కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల్లోనే ఉంది. వీలైతే ఇంకొన్ని వారాలు తల్లి దగ్గరే ఉంచమన్నారు డాక్టరమ్మ. అమ్మినతనికి ఫోను చేస్తే "తల్లిని బెంగళూరు పంపేశాం మేడమ్" అన్నాడు. ఆ తర్వాత ఫోను ఎత్తడమే మానేశాడు. కుక్కపిల్లను కొనబోయేవాళ్ళు ముందు తల్లిని చూపించమని అడగండి. చూపించకపోతే ఆ గుమ్మం దిగి వచ్చేయండి.

ఏడుపులో సగం పాల వల్లేనని తేలింది. ఆవు పాలు, గేదె పాలు చాలా కుక్కపిల్లలకు అరగవు, విరేచనాలవుతాయి. రాత్రంతా కడుపునొప్పి, పైగా ఆకలి. పాలు మాన్పించి, కుక్కపిల్లల మేతను గోరువెచ్చటి నీళ్ళలో మెత్తగా నానబెట్టి రోజుకు నాలుగుసార్లు పెట్టమన్నారు. నులిపురుగుల మందు కూడా వేశారు. మిగతా సగం ఏడుపు భయం. తల్లి పొట్ట దగ్గర తోబుట్టువుల మీద పడి నిద్రపోయే పిల్లను తెచ్చి, చీకటి హాల్లో చల్లటి టైల్స్ మీద ఒంటరిగా పెడితే ఏడవక ఏం చేస్తుంది?

ఇది నాకు అర్థమయ్యేలోపే అపార్ట్‌మెంటు సంఘానికి వేరే సంగతి అర్థమైంది.

ముందు గ్రూపులో మా ఫ్లాటు నంబరు వేసి "విజ్ఞప్తి" పెట్టారు. మర్నాటికి లిఫ్టు తలుపు మీద కాగితం అంటించారు: పెంపుడు జంతువులను లిఫ్టులో తీసుకువెళ్ళరాదు. భవనం మొత్తంలో పెంపుడు జంతువున్నది మా ఇంట్లోనే. పేరు రాయకపోతే మర్యాద అనుకున్నారు కాబోలు. పాలబ్బాయి కూడా అది చదివి నావైపు ఓ చూపు చూశాడు.

ఆదివారం పొద్దున సెల్లార్లో మీటింగ్ పెట్టారు. అందరికీ ప్లాస్టిక్ కుర్చీలు వేశారు, మాకు తప్ప. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి పడుకున్నాడు. నేను, అత్తయ్య, బూందీని చున్నీలో చుట్టి పట్టుకున్న మా అమ్మాయి నిలబడ్డాం. సెక్రటరీ గారు నోటుబుక్కు తీసి చదవడం మొదలుపెట్టారు. "రాత్రి పదకొండూ ఇరవై, ఏడుపు. పన్నెండూ నలభై అయిదు, ఏడుపు. రెండూ పది, ఏడుపు, ఊళ." పక్కన తారీఖులు కూడా వేసుకున్నారు. వాచ్‌మన్‌ను పిలిచి "నీకు వినిపించిందా లేదా?" అని అడిగారు. ఆ పెద్దాయన నావైపు, ఆయనవైపు చూసి "వినిపించింది సార్, కానీ చిన్నపిల్ల కదా సార్" అన్నాడు. "అడిగిందానికే చెప్పు" అన్నారు.

మూడో అంతస్తాయన లేచి, కుక్క ఏడుపు అరిష్టమని, ఇంట్లో తన తల్లి మంచంలో ఉందని, ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిదని అడిగారు. ఆమె మంచం పట్టి చాలాకాలమైంది. మా బూందీ అప్పటికి పుట్టనే లేదు. వెనకనుంచి ఒకావిడ "అలిపిరి దగ్గర వదిలేస్తే భక్తులే ఏదో ఒకటి పెడతారు" అని సలహా ఇచ్చింది. పెంపుడు జంతువును అలా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. అది అలా ఉంచండి. ఆ అడవిలో చిరుతలు తిరుగుతాయని ఊళ్ళో తెలియనిదెవరికి? 2023 ఆగస్టులో నడకదారిలో చిరుత నోటబడ్డ ఆరేళ్ళ పాపకు ఏమైందో గుర్తున్నవాళ్ళకు ఆ మాట నోట ఎలా వస్తుంది?

అన్నిటికన్నా గుచ్చుకున్నది తర్వాత జరిగింది. సెక్రటరీ గారు మా ఇంటి ఓనరుకు ఫోను కలిపి స్పీకర్ ఆన్ చేశారు. ఓనరు ఎక్కడో బెంగళూరులో ఉంటాడు. వింటున్నామని తెలుసో తెలియదో, "ఇలాంటివాళ్ళకు ఇల్లివ్వడమే తప్పయింది. ఖాళీ చేయించండి సార్, వేరేవాళ్ళు బోలెడంతమంది" అన్నాడు. నెల మొదటి తారీఖు దాటకుండా అద్దె కడుతున్న మనుషులం మేము. కుర్చీల్లోవాళ్ళు కొందరు నేల చూశారు, కొందరు మా మొహాలు చూశారు. మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అదంతా పట్టని బూందీ ఆవులించి చున్నీలో తల దూర్చుకుని నిద్రపోయింది.

నేను ముందురాత్రే ప్రింటు తీయించుకున్న కాగితాలు బయటికి తీశాను. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు అవి. మెజారిటీ సభ్యులు తీర్మానించినా సరే, సంఘం పెంపుడు జంతువులను నిషేధించడానికి వీల్లేదు. కుక్క అరుపును నిషేధానికి కారణంగా చూపకూడదు. లిఫ్టు వాడుకోనివ్వకపోవడం కూడా కుదరదు. ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా చూసుకోవాలని పెంచేవాళ్ళకు చెప్పిన మాటలూ అందులో ఉన్నాయి, అవి కూడా వదలకుండా చదివాను. సెక్రటరీ గారు కాగితం తీసుకుని తిరగేసి మరగేసి, పైన చిరునామా చూసి "ఇది చెన్నైవాళ్ళది కదమ్మా, ఇక్కడ చెల్లుతుందా?" అన్నారు. ఆ మండలి కార్యాలయం అప్పట్లో చెన్నైలో ఉండేది, అది దేశం మొత్తానికీ ఒకటే అని చెప్పాను. ఆయన మొహంలో నమ్మకం కనిపించలేదు. కాణిపాకం వెళ్ళి ప్రమాణం చేసినా నమ్మేలా లేరు.

అప్పుడు మా అత్తయ్య అందుకుంది. కుక్క అంటే ఆమెకు మొదటినుంచీ పడదు. వంటింటి గడప దాటనివ్వదు. అలాంటి మనిషి "ఏం నాయనా, కాలభైరవుడి వాహనం ఏది? దత్తాత్రేయుడి కాళ్ళ దగ్గర ఉన్నవేమిటి? ఏడుకొండలవాడి పాదాల దగ్గర కాపురముంటూ పాలుతాగే పిల్ల ఏడ్చిందని భయపడతారా? మీ పిల్లలు ఏడవకుండానే పెరిగారా?" అని అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు. ఈలోగా ఎవరో బోరు మోటారు ఖర్చు సంగతి ఎత్తారు, అందరూ అటు తిరిగిపోయారు. చివర్లో "నెలాఖరుదాకా చూస్తాం" అన్నది మాత్రం మా వెనక వినిపించింది.

ఇక ఏడుపు మాన్పించిన పద్ధతి చెబుతాను. ఇందులో నా గొప్ప కొంత ఉంది, దాచుకోను.

మిక్సీ వచ్చిన అట్టపెట్టెకు ఒక పక్క కోసి, అత్తయ్య పాత నూలు చీర మడిచి వేసి, నా మంచం పక్కనే పెట్టాను. గోరువెచ్చటి నీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి చీర కింద ఉంచాను. పడుకున్నాక ఒక చెయ్యి పెట్టెలోకి వేలాడేసేదాన్ని. బూందీ నా వేళ్ళమీద గడ్డం ఆనించి నిద్రపోయేది. చెయ్యి తిమ్మిరెక్కేది, తీస్తే కన్ను తెరిచేది. చివరి మేత ఎనిమిదింటికి. పడుకునే ముందు బాల్కనీలో పాత పేపర్ల మీదికి తీసుకువెళ్ళాలి, మధ్యరాత్రి మళ్ళీ ఒకసారి. అంత చిన్నపిల్ల రాత్రంతా ఆపుకోలేదు. అప్పుడు పెద్ద లైటు వేయకూడదు, ముద్దు చేయకూడదు, ఆడకూడదు. పని అవగానే పెట్టెలోకి. అది ఏడిస్తే ముందు చూడాల్సింది పాసు వచ్చిందా, ఆకలా, చలా అన్నది. అవేవీ కాకపోతే చెయ్యి వేసి ఊరుకోవడమే.

చెయ్యి లేకుండా నిద్రపోవడం మొదలయ్యాక పెట్టెను కొంచెం కొంచెంగా తలుపు వైపు జరిపాను. కుదురుగా ఉంటేనే మరి కాస్త, ఏడిస్తే మళ్ళీ వెనక్కి. ఇప్పుడు పెట్టె హాల్లో ఉంది. పగటిపూట ఇంకో సాధన చేయించాను. బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకుని, అది ఏడుపు మొదలుపెట్టకముందే బయటికి రావడం. తర్వాత కాస్త ఎక్కువసేపు, ఆపైన చెత్తబుట్ట కింద పెట్టి వచ్చేంతసేపు. వెళ్ళేటప్పుడు వీడ్కోళ్ళు, వచ్చాక హడావిడి రెండూ వద్దు. మా అమ్మాయి ఇది వినదు. బడినుంచి రాగానే గుమ్మంలోనే ఒక పండగ చేస్తుంది.

"ఏడవనివ్వండి, అలవాటైపోతుంది" అనేవాళ్ళ మాట వినకండి. ఏడ్చి ఏడ్చి అలసి పడుకుంటుంది, భయం మాత్రం ఎక్కడికీ పోదు. నిద్రపట్టేందుకు పిల్లల దగ్గు సిరప్ ఒక చెంచా పట్టమని మా బంధువు ఒకరు చెప్పారు. మనుషుల మందులు డాక్టరు చెప్పనిదే కుక్కకు ఇవ్వకూడదు, ఆయనకు ఆ మాట గట్టిగానే చెప్పాను. తిరుపతివాళ్ళకు ముఖ్యంగా ఇంకో మాట: ప్రసాదమని లడ్డూ ముక్క పెట్టకండి. అందులో ఎండుద్రాక్ష ఉంటుంది, అది కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కొండకు వెళ్ళొచ్చిన ప్రతివాళ్ళూ బూందీ నోటి దగ్గరికి లడ్డూ తెచ్చేవాళ్ళే. పెట్టొద్దంటే నేనేదో పాపం చేస్తున్నట్టు చూస్తారు.

టీకాలు పూర్తయ్యేదాకా రోడ్డుమీద దించవద్దన్నారు, పార్వో అనే ప్రాణాంతకమైన అంటువ్యాధి భయం. మొదటిది ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య వేసి, మూడు నాలుగు వారాలకోసారి పదహారు వారాలు నిండేదాకా వేయాలట. మూడు నెలలకు రేబిస్ టీకా. అందాకా ఎత్తుకుని వీధి చివరిదాకా తిప్పుతున్నాను. ఆటోలు, ఆవులు, గుళ్ళో గంటలు అన్నీ ఈ వయసులోనే చూడాలి, వినాలి.

నెలాఖరు వచ్చింది, పోయింది. సెక్రటరీ గారి నోటుబుక్కులో రాసుకోవడానికి ఏమీ దొరికినట్టు లేదు. లిఫ్టు మీది కాగితం ఎవరో చింపేశారు, నేను కాదు. ఓనరు మాత్రం మొన్న మా ఆయనకు ఫోను చేసి వచ్చే నెలనుంచి అద్దె పెంచుతున్నానన్నాడు. దానికీ కుక్కకూ సంబంధం లేదట, చుట్టుపక్కల రేట్లు అలా ఉన్నాయట.