పాత రైస్ మిల్లు ఇనుము అమ్మిన అనుభవం

తణుకు దగ్గర మా నాన్నగారు నడిపిన రైస్ మిల్లు మూతపడి చాలా ఏళ్లయింది. షెడ్డు కూలేలా ఉండటంతో యంత్రాలను తుక్కు కింద అమ్మేద్దామని అన్నదమ్ములం అనుకున్నాం. మొదట వచ్చిన వ్యాపారి లోపల ఒక చుట్టు తిరిగి, అన్నింటికీ కలిపి కిలోకు ఒకే రేటు చెప్పాడు. గంపగుత్తగా ఇచ్చేస్తే పీడ వదులుతుందని మా తమ్ముడు అన్నాడు. నాకు మనసొప్పలేదు. మిల్లులో ఫిట్టరుగా చేసిన పెద్దాయనను పిలిపించి, రకాలు వేరు చేశాకే బేరం అన్నాను.

ఆయన ముందు అయస్కాంతంతో మొదలుపెట్టారు. స్టెయిన్‌లెస్ తొట్టి, ఇత్తడి బుష్షులు దానికి అంటలేదు. వాటిని పక్కన పెట్టేశాం. చిక్కంతా అంటుకున్నవాటితోనే. బీడూ (పోత ఇనుము) అంటుకుంటుంది, ఉక్కూ అంటుకుంటుంది. పెద్దాయన సుత్తి తీసి పుల్లీ అంచు మీద ఒక దెబ్బ వేశారు. ముక్క విరిగిపడింది, విరిగినచోట బూడిదరంగు గరుకు పలుకులు. అదే దెబ్బ షాఫ్టు మీద వేస్తే సొట్ట పడిందంతే. అనుమానం మిగిలినవాటికి గ్రైండర్ పెట్టారు. షాఫ్టు నుంచి పసుపు, తెలుపు రవ్వలు బారుగా ఎగిశాయి. ఇంజను బాడీ నుంచి ఎర్రటి పొట్టి రవ్వలే రాలాయి. అది బీడు.

ఈ తేడాకు కారణం కార్బన్. బీడులో అది సుమారు 2 నుంచి 4 శాతం దాకా ఉంటుంది, మామూలు మెత్తని ఉక్కులో పావు శాతం కూడా ఉండదు. పైగా ఉక్కును పెళుసుగా మార్చే ఫాస్ఫరస్ బీడులో ఎక్కువగా ఉండవచ్చు. కడ్డీల కోసం తుక్కు కరిగించే ఇండక్షన్ ఫర్నేసు (కరెంటు కొలిమి) దాన్ని పెద్దగా తొలగించలేదు. అందుకే బీడు ఫౌండ్రీకి వెళ్లి మళ్లీ పోత వస్తువు కావడమే మేలు.

మందాన్ని బట్టి ఉక్కులోనూ రకాలున్నాయి. పావు అంగుళం, ఆపైన మందమున్న ప్లేట్లు, యాంగిళ్లు, షాఫ్టులు తుక్కు వ్యాపారులు హెవీ మెల్టింగ్ (కరిగించడానికి పనికొచ్చే బరువైన తుక్కు) అనేదానిలో ఒకటో రకం. అంతకన్నా పలచనివి, గాల్వనైజ్ చేసినవి రెండో రకంలోకి పోతాయి. తుప్పుపట్టిన పలచని రేకును కరిగిస్తే చాలా భాగం చిట్టెంగా పోతుంది, కాబట్టి దానికి ధర తక్కువ. కప్పు రేకుల మీది జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది. ఇనుము కరగాలంటే 1500 దాటాలి. పొగ ముందు, లోహం తర్వాత అన్నమాట.

మోటార్ల రాగి తీగ విప్పించే పని మాత్రం వదలకూడదని నేను గట్టిగా పట్టుబట్టాను. రాగికి విడిగా మంచి ధర వస్తుందన్నది ఒక సంగతే. అసలు సంగతి, ఉక్కులో కలిసిన రాగి మళ్లీ బయటకు రాదు, వేడి మీద రోలింగ్ చేస్తున్నప్పుడు పైభాగం పగులుతుంది. మన నిర్లక్ష్యానికి ఎవరి ఇంటి స్లాబులోనో కడ్డీ ఎందుకు నాసిరకం కావాలి?

మూతలు బిగిసిన గాలి ట్యాంకు, డ్రమ్ములు కూడా ఉన్నాయి. లోపల చెమ్మ ఉంటే కరిగే ఉక్కులో పడగానే ఆవిరై పేలుతుంది, ఫర్నేసు ముందు నిలబడేది కూలి మనుషులే. అందుకే అన్నీ తెరిపించాం. డీజిల్ ట్యాంకుకు గ్యాస్ కటింగ్ పెట్టేముందు కడిగి, నిండా నీళ్లు పోయించారు పెద్దాయన. ఆ జాగ్రత్త చూశాక ఆయన మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

తర్వాతి బేరంలో రకానికో రేటు చీటీ మీద రాయించాం. ఖాళీ లారీని కాటా వేయించి, రకం వారీగా నింపి, మళ్లీ వేయించాం. రెండు చీటీలూ మా దగ్గరే ఉంచుకున్నాం. మాకు జీఎస్టీ నమోదు లేదు. 2024 అక్టోబరు 10 నుంచి అలాంటివారి దగ్గర లోహపు తుక్కు కొంటే, ఆ పన్ను నమోదున్న కొనుగోలుదారే కట్టాలి. దాన్ని మా రేటులో కోస్తానంటే ఒప్పుకోలేదు. డబ్బు బ్యాంకులో పడ్డాకే లారీలు కదిలాయి.