పత్రం, పుష్పం, ఫలం, తోయం: చేతికి తగిలే భక్తి

భగవద్గీత తొమ్మిదవ అధ్యాయంలో ‘పత్రం పుష్పం ఫలం తోయం’ అని మొదలయ్యే 26వ శ్లోకాన్ని, ఆడంబరం అక్కరలేదు, భక్తి ఉంటే చాలు అని చెప్పడానికే మనం ఎక్కువగా ఉదాహరిస్తాము. ఆ అర్థం సరైనదే. అయితే అక్కడ పేర్కొన్న నాలుగూ చేతికి తగిలేవే, కంటికి కనబడేవే, ముక్కుకో నాలుకకో అందేవే అన్న సంగతి ఆ తొందరలో మరుగున పడుతున్నది. శ్లోకం భక్తిని వస్తువు నుండి విడదీయలేదు. ఆకు మీదా, నీటి మీదా దానికి చోటు చూపింది.

మతాన్ని అధ్యయనం చేసే పండితులు చాలాకాలం గ్రంథాలకూ సిద్ధాంతాలకూ ఇచ్చిన ప్రాధాన్యం రాతికి, లోహానికి, ధూపానికి ఇవ్వలేదు. ఇటీవలి దశాబ్దాలలో ఆ ధోరణి మారింది, మారవలసిందే. రోమ్‌లోని సెయింట్ పీటర్ బసిలికాలో ఆ అపొస్తలుని కంచు విగ్రహానికి కుడి పాదపు వేళ్ళు యాత్రికుల ముద్దులతో, స్పర్శతో అరిగి నునుపెక్కిపోయాయి. మయన్మార్‌లోని మాండలే నగరంలో మహాముని బుద్ధ విగ్రహానికి దీనికి విరుద్ధంగా జరిగింది: భక్తులు తరతరాలుగా అంటించిన బంగారు రేకులతో దేహం ఎగుడుదిగుడుగా ఉబ్బింది, రేకులు అంటించని ముఖం మాత్రం అసలు రూపంలోనే నిలిచింది. ఒకచోట తరుగుదల, మరొకచోట పెరుగుదల. రెండింటికీ కారణం భక్తుల చేతులే. (ఆ బంగారం అంటించే అవకాశం సంప్రదాయంగా పురుషులకే దక్కింది, స్పర్శ అందరికీ సమానంగా అందలేదన్నది కూడా ఆ పైపొర చెప్పే చరిత్రలో భాగమే.)

బాహ్యపూజ తొలిమెట్టు మాత్రమేననీ, మానసపూజ దానికన్నా ఉన్నతమనీ పెద్దలు చెబుతారు. ఆ క్రమాన్ని నేను కాదనను. కానీ మానసపూజలో ఇంద్రియాలకు పని ఉండదన్న అభిప్రాయాన్ని మాత్రం అంగీకరించలేను. లలితా సహస్రనామ పారాయణకు ముందు చేసే పంచపూజనే చూడండి. ఎదుట ఏ ద్రవ్యమూ లేకపోయినా ఉపాసకుడు ‘లం పృథివ్యాత్మికాయై గంధం సమర్పయామి’ అని మొదలుపెట్టి, ఆకాశరూపంగా పుష్పాన్ని, వాయురూపంగా ధూపాన్ని, అగ్నిరూపంగా దీపాన్ని, అమృతరూపంగా నైవేద్యాన్ని వరుసగా అర్పిస్తాడు. ద్రవ్యాలను విడిచిన పూజ కూడా వాసనను, వెలుగును, రుచిని విడువలేదు. పైగా ఒక్కొక్క ఉపచారానికీ వేళ్ళను కలిపి ముద్ర పట్టే సంప్రదాయం ఉన్నందున, ఆ పూజకు కావలసిన స్పర్శను ఉపాసకుని చేయే సమకూరుస్తున్నది.